లెక్కకు మెట్లు కట్టిన అల్ ఖ్వారిజ్మీ

తండ్రి మరణించాడు. సంతానం ఉన్నారు కనుక భార్యకు 8వ వంతు, తల్లికి 6వ వంతు, మిగిలింది కొడుకులకు, కూతుళ్లకు. అంతకు ముందే అప్పులు తీర్చాలి, వీలునామా అమలు జరపాలి. వాటాలు నిర్ణయమై ఉన్నా, లెక్క తప్పితే ఒకరి హక్కు మరొకరి పాలవుతుంది. అందుకే ఈ లెక్కలకు ఒక శాస్త్రాన్నే ఏర్పరచిన మహనీయుడు ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ.

ఆయన క్రీ.శ. 780 ప్రాంతంలో జన్మించారు. అరల్ సముద్రానికి దక్షిణాన ఉన్న ఖ్వారిజ్మ్ ప్రాంతం పేరే ఆయన పేరయింది. 813 నుండి 833 వరకు పాలించిన అబ్బాసీ ఖలీఫా మామూన్ కాలంలో బగ్దాద్‌లోని బైతుల్ హిక్మత్‌లో పనిచేశారు. ఖలీఫా ప్రోత్సాహంతో 'అల్ జబ్ర్ వల్ ముఖాబలా' గ్రంథం రాశారు. వ్యాపారం, భూమి కొలతలు, కాలువల తవ్వకం వంటి అవసరాలకు అది ఉద్దేశించబడింది. అందులో పెద్ద భాగం వీలునామాల లెక్కలే. ఆల్జీబ్రా అనే పేరు దాని నుండే వచ్చింది.

ఆయన పద్ధతి చూడండి. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకు 10 రెట్లు కలిపితే 39 అయింది. ఆ సంఖ్య ఎంత? 10లో సగం 5. దాని వర్గం 25. దాన్ని 39కి కలిపితే 64. వర్గమూలం 8. అందులో 5 తీసివేస్తే 3. అదే సమాధానం. పండితుడు చేసినా, పామరుడు చేసినా, మెట్టు తప్పకపోతే ఫలితం ఒక్కటే.

భారతీయ అంకెలతో లెక్కించే విధానంపై కూడా ఆయన గ్రంథం రాశారు. 12వ శతాబ్దంలో అది లాటిన్‌లోకి వెళ్లింది. అక్కడ ఆయన పేరు అల్గోరిత్మీగా మారి, చివరికి 'అల్గారిథం' అయింది. ఆయన 850 ప్రాంతంలో మరణించారు. నేడు కంప్యూటర్లు చేసే ప్రతి లెక్కకూ ఆయన పేరే ఉంది.

అయితే అన్ని పంపకాలూ ఇంత సులభం కావు. ముక్కలు చేయలేని 30 వస్తువులను ఇద్దరు అన్నదమ్ములకు సరిసమాన విలువతో పంచాలి. పంచే మార్గాలు 53 కోట్లకు పైగా ఉన్నాయి. ఎవరైనా పంచి చూపితే సరిచూడటం నిమిషాల పని. అన్ని సందర్భాల్లోనూ త్వరగా పంచి చూపే మార్గం మాత్రం ఎవరికీ దొరకలేదు. ఈ సమస్య ఎంత కఠినమో 1972లో అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ కార్ప్ చూపారు. సరిచూడటం సులభమైనదల్లా కనుగొనడమూ సులభమేనా? ఈ ప్రశ్నకు జవాబిచ్చిన వారికి క్లే గణిత సంస్థ 2000లో పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. జవాబు ఇంకా రాలేదు.

1979లో పలు దేశాల శాస్త్రవేత్తలు ఆయన పేరిటి ఖ్వారిజ్మ్ నేలపై, ఉర్గెంచ్ పట్టణంలో సమావేశమై అల్గారిథంల గురించి చర్చించారు. మనం చేయగలిగింది చిన్నదే. పిల్లవాడు లెక్కకు జవాబు చెబితే అంతటితో మెచ్చుకుని వదలకండి. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కాడో అడగండి.