ఒక్క పాయింటుతో ఛాంపియన్: మైక్ హాథార్న్

మన గోడపత్రికలో ఎప్పుడూ గాంధీ తాత గురించి, కొమురం భీం గురించి, అల్లూరి సీతారామరాజు గురించి రాస్తుంటాం. ఈసారి నేను కార్ల పందాలు నడిపిన ఒకాయన జీవితం రాస్తున్నాను. ఆయన చనిపోయి అరవై ఏళ్ళు దాటింది. అయినా ఆయన గెలిచిన టైటిల్ ఆయనకే రావాల్నా, ఇంకొకాయనకు రావాల్నా అని అభిమానులు ఇప్పటికీ వాదులాడుకుంటారు. ఆటల సారు ఈ కథ చెప్పిన రాత్రి మా రూములో కూడా అదే కొట్లాట.

బాల్యం:
మైక్ హాథార్న్ 1929 ఏప్రిల్ 10న ఇంగ్లాండు దేశంలో మెక్స్‌బరో అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి పేరు లెస్లీ. ఆయన ఫార్న్‌హామ్ అనే ఊళ్ళో మోటార్ల గ్యారేజీ నడిపేవాడు. కొడుకు ఆ గ్యారేజీలోనే ఆడుకుంటూ పెద్దగయిండు. 1950లో చిన్న పందాలు మొదలుపెట్టి, 1952 వరకు ఫార్ములా వన్ పందాల్లోకి వచ్చేశాడు. మనిషి పొడుగు, జుట్టు బంగారు రంగు. పందెం నడిపేటప్పుడు కూడా మెడకు బో టై కట్టుకునేవాడు. అందుకని ఫ్రాన్సు వాళ్ళు ఆయనకు సీతాకోకచిలుక అని పేరు పెట్టారు.

గెలుపులు, కష్టాలు:
1953లో ఇటలీ వాళ్ళ ఫెరారీ జట్టులో చేరాడు. అదే ఏడు జులై 5న ఫ్రాన్సులోని రీమ్స్‌లో అప్పటి మహా డ్రైవర్ ఫాంజియోను ఒక్క సెకను తేడాతో ఓడించాడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ గ్రాండ్ ప్రి గెలిచిన మొదటి బ్రిటిష్ డ్రైవర్ ఆయనే.

తర్వాత అన్నీ కష్టాలే. 1954లో ఒక పందెంలో కారు మండి కాళ్ళు చేతులు కాలినయి. అదే ఏడు తండ్రి రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. 1955 జూన్ 11న లమాన్ పందెంలో హాథార్న్ ఆగడానికి బ్రేకు వేస్తే, వెనక కారు తప్పించుకోబోయి పక్కకు తిరిగింది. దాని వెనక వేగంగా వస్తున్న మెర్సిడెస్ కారు దాన్ని తగిలి ఎగిరి జనం మీద పడ్డది. 80 మందికి పైగా చనిపోయారు. ఆ పందెం గెలిచింది హాథార్నే. విచారణలో ఆయన తప్పు లేదన్నారు గాని, చాలామంది ఆయన్నే తప్పు పట్టారు.

1958వ సంవత్సరం:
ఆ ఏడు హాథార్న్ ఫెరారీలో, స్టిర్లింగ్ మాస్ అనే ఆయన వాన్‌వాల్ అనే ఇంగ్లాండు కారులో పోటీపడ్డారు. ఇద్దరిదీ ఒకే దేశం. పందెం గెలిస్తే 8 పాయింట్లు, రెండో స్థానానికి 6, మూడుకు 4, నాలుగుకు 3, ఐదుకు 2. ఒక చుట్టు అందరికన్నా వేగంగా కొట్టిన వాళ్ళకు ఇంకొక పాయింటు. ఎన్ని పందాలు నడిపినా మంచి ఆరు మాత్రమే కలుపుతారు.

ఆగస్టు 24న పోర్చుగల్‌లోని పోర్టో నగరం వీధుల్లో పందెం. మాస్ గెలిచాడు. రెండో స్థానంలో ఉన్న హాథార్న్ కారు చివరి చుట్టులో గిర్రున తిరిగి ఆగిపోయింది. మనూళ్ళో స్టార్టు కాని జీపును వాలు చూసి తోసినట్టు, ఆయన కూడా కారును వాలులో తోసి స్టార్టు చేసుకున్నాడు. కానీ ఆ వాలు పందెం పోయే వైపు కాదు, ఎదురు వైపు. పందెం అధికారులు ఇది తప్పు, నీ పాయింట్లు పోయినయి అన్నారు.

అప్పుడు సాక్షిగా పోయింది ఎవరనుకున్నారు? మాస్! హాథార్న్ ఎదురు తిరిగింది రోడ్డు మీద కాదు, పక్కన కాలిబాట మీద, నేను చూశానని చెప్పిండు. అధికారులు ఒప్పుకున్నారు. హాథార్న్‌కు రెండో స్థానానికి 6, వేగం చుట్టుకు 1, మొత్తం 7 పాయింట్లు తిరిగి వచ్చినయి.

చివరి పందెం అక్టోబరు 19న మొరాకో దేశంలోని కాసాబ్లాంకాలో. మాస్ గెలిచాడు, వేగం చుట్టు కూడా ఆయనదే. హాథార్న్ రెండో స్థానంలో వస్తే చాలు. ఆయన జట్టువాడు ఫిల్ హిల్ పక్కకు జరిగి దారి ఇచ్చిండు. లెక్క తేలింది: హాథార్న్ 42, మాస్ 41. బ్రిటన్ నుంచి మొదటి ప్రపంచ ఛాంపియన్ హాథార్న్.

కానీ సంతోషం ఎక్కడిది? ఆ ఏడే తన జట్టువాడు ముస్సో చనిపోయాడు. ప్రాణ స్నేహితుడు పీటర్ కాలిన్స్ జర్మనీలో తన కళ్ళ ముందే పడిపోయి చనిపోయాడు. కాసాబ్లాంకాలో కాలిన లూయిస్ ఎవాన్స్ ఆరు రోజులకు పోయిండు. హాథార్న్ ఇక పందాలు చాలని మానేశాడు. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. 1959 జనవరి 22న గిల్డ్‌ఫర్డ్ దగ్గర తడి రోడ్డు మీద తన జాగ్వార్ కారు నడుపుతూ ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి 29 ఏళ్ళు. అన్ని పందాల్లో బతికి బయటపడ్డ మనిషి మామూలు రోడ్డు మీద పోయిండు. మన కరణ్‌కోట రోడ్డు మీద సిమెంటు లారీలు, బండల లారీలు పోతుంటాయి కదా, చెల్లెళ్ళూ, జాగ్రత్తగా దాటండి.

టైటిల్ ఎవరిది?
మాస్ అభిమానులు అంటారు: మాస్ నాలుగు పందాలు గెలిచిండు, హాథార్న్ గెలిచింది ఒక్కటే. హాథార్న్ అభిమానులు అంటారు: ఆయన ఐదుసార్లు రెండో స్థానం తెచ్చుకున్నాడు, అన్ని పందాలూ కలిపితే ఆయనకు 49 పాయింట్లు, మాస్‌కు 41 మాత్రమే. మా రూములో సగం మంది అటు, సగం మంది ఇటు. నేను పెన్సిలుతో లెక్క చేశాను. పోర్చుగల్‌లో ఆ 7 పాయింట్లు పోయి ఉంటే హాథార్న్‌కు 39. మాస్ ఛాంపియన్ అయ్యేవాడు. నోరు మూసుకుంటే చాలు. మాస్ తర్వాత ఎన్నడూ ఛాంపియన్ కాలేదు, 2020లో 90 ఏళ్ళకు చనిపోయాడు.

నాకు అనిపించేది ఏమంటే, లెక్క ప్రకారం టైటిల్ హాథార్న్‌దే. పోర్చుగల్‌లో ఆయన తప్పు చేయలేదు. మాస్ ఊరుకొని గెలిచి ఉంటే, ఆ టైటిల్ మా ఖోఖో కప్పు లాంటిది అయ్యేది.

ఇంకొక సంగతి చెప్పాలి. ఆటల పోటీల్లో 10వ తరగతి అక్కల మీద మేం ఒక్క పాయింటుతో గెలిచాం. చివరికి ఒక అక్క ఔటని సారు విజిల్ వేశాడు. చేయి తగల్లేదని అక్క ఏడ్చింది. సారు అటు వైపు ఉన్నాడు, ఆయనకు కనిపించలేదు. ఆ గడిలో కూర్చున్నది నేనే. సారు నన్ను అడిగితే తెల్వదన్నాను.

అక్కా, ఆ రోజు నీకు చేయి తగల్లేదు. నేను చూశాను. ఈ కాగితం గోడకు అంటించక ముందే సారుకు చూపిస్తాను. కప్పు మీ రూములో పెట్టమని అడుగుతాను.

– 9వ తరగతి విద్యార్థిని, కరణ్‌కోట