కొయ్య చెప్పిన సాక్ష్యం

పిస్కాటవేకు పడమరగా కొద్దిదూరం వెళ్తే ఫ్లెమింగ్టన్ వస్తుంది. అక్కడి పాత కోర్టులో 1935లో సాక్ష్యమిచ్చిన ఆర్థర్ కోహ్లర్ పోలీసు కారు, 1885లో పుట్టిన విస్కాన్సిన్ కలప శాస్త్రజ్ఞులు. 1932లో విమానవీరుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డను ఎత్తుకుపోయినవారు వదిలిన నిచ్చెన ఆయన చేతికొచ్చింది. చెక్కపై చిత్రిక యంత్రపు గీతలు పట్టుకుని వందలాది మిల్లులకు ఉత్తరాలు రాశారు. ఆ కలప దక్షిణ కెరొలైనా మిల్లునుంచి బ్రాంక్స్ అడితికి చేరిందని తేల్చారు. మన వడ్రంగులు మెచ్చే పనితనం! హాప్ట్‌మన్ పట్టుబడ్డాక, నిచ్చెనలో ఒక చెక్క అతని అటక పలకలోనిదేనని పొరలూ మేకు రంధ్రాలూ కలిపి చూపారు. కొయ్యకు నిపుణుడేమిటని ముద్దాయి వకీళ్లు అడ్డుపడినా జడ్జి విన్నారు. 1936లో హాప్ట్‌మన్‌కు మరణశిక్ష అమలైంది. ఆ తీర్పుపై వాదులాట మాత్రం 1967లో కోహ్లర్ గతించాక కూడా ఆగలేదు.