విప్పి మళ్లీ బిగించిన మనిషి

మన స్టోరు గదిలో పాత చాపల వెనక ఒక ఎర్ర ఫోను పెట్టె పడి ఉండేది, చూశారా? రూపాయి వేసి మాట్లాడే కాయిన్ బాక్సు అది. సెల్లులు రాకముందు మన బడిలో చదివిన అన్నలూ అక్కలూ ఆదివారం పూట దాని ముందు వరస కట్టేవాళ్లంట. తండాలో ఫోనున్న ఒక్క ఇంటికి చేసి, అమ్మను పిలిపించమని చెప్పి, పది నిమిషాలాగి ఇంకో రూపాయి వేసేవాళ్లంట. ఇప్పుడు దాన్ని మేం నలుగురం సెలవు పూటల్లో బాగు చేస్తున్నాం. మొదట సారు ఒప్పుకోలేదు. విప్పడం కోతి కూడా చేస్తుంది, మళ్లీ బిగించగలరా అని అడిగారు. తర్వాత ఆయనే మాకు జి.డి. నాయుడి గురించి చెప్పారు. ఆ కథ మీకూ చెబుతాను.

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. ఊరు తమిళనాడులోది గానీ ఇంట్లో మాట తెలుగు. ఆ వైపు ఎన్నో తరాల కిందట వెళ్లి స్థిరపడ్డ తెలుగు రైతులు చాలామంది ఉన్నారు. వీళ్లదీ వ్యవసాయ కుటుంబమే. ఆయనకు బడి అంటే గిట్టేది కాదు. చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. (ఇది చదివి ఎవరూ బడి మానకండి. కథ ఇంకా ఉంది.)

ఒకరోజు వాళ్ల ఊరి వైపు ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు మీద వచ్చాడు. రడ్జ్ అనే కంపెనీ బండి. ఎద్దు లేదు, గుర్రం లేదు, దానంతటదే పోతోంది! ఆ కుర్రవాడికి ఇక నిద్ర పట్టలేదు. అలాంటి బండి తనకూ కావాలి. చేతిలో పైసా లేదు. కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వరుగా చేరాడు. ఏళ్ల తరబడి కూడబెట్టి చివరికి ఆ బండినే కొన్నాడు.

కొన్నాక ఏం చేశాడో చూడండి. మనమైతే ఎక్కి ఊరంతా తిరుగుతాం. ఆయన దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పేశాడు. ఏ ముక్క దేని పక్కన ఉంది, అది కదిలితే ఏది కదులుతుంది అని చూసుకుంటూ మళ్లీ బిగించాడు. చేయి పట్టి చూపించేవాళ్లు ఎవరూ లేరు. ఆయనకు ఇంజినీరింగు కాలేజీ ఆ బండే. ఆ రడ్జ్ బండిని ఇప్పటికీ కోయంబత్తూరులో ఆయన పేరుతో ఉన్న మ్యూజియంలో దాచి ఉంచారు.

తర్వాత స్టేన్స్ అనే దొర సాయంతో ఒక బస్సు సంపాదించి, 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి తానే నడిపాడు. ఆ ఒక్క బస్సు కొన్నేళ్లలో వందల బస్సుల కంపెనీ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు చేశారు. గడ్డం గీసుకునే చిన్న మోటారు రేజరు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, ఇలా చెబితే గోడ చాలదు.

వాటిలో మాకు బాగా నచ్చింది నాణెం వేస్తే పాట పాడే ఫోనోగ్రాఫు. మా ఎర్ర పెట్టెకు అది పెదనాన్న లాంటిది! నాణెం వేసే యంత్రం పని ఏమిటంటే, పడింది నాణెమా బిళ్లా అని తానే తేల్చుకోవాలి, తానే డబ్బు తీసుకోవాలి. ఫోను పెట్టెలో ఇంకో తమాషా ఉంది. అవతల మనిషి ఫోను ఎత్తగానే ఎక్స్ఛేంజీ వాళ్లు తీగల్లో ప్లస్సూ మైనస్సూ తారుమారు చేస్తారు. ఆ గుర్తు అందాకే పెట్టె రూపాయిని మింగుతుంది. ఎత్తకపోతే మన రూపాయి మనకే. ఈ సంగతి తెలియక మేం రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాం.

నాయుడు గారికి అన్నీ కలిసి రాలేదు. 1941లో డెబ్బై రూపాయలకే రేడియో చేసి ఇవ్వగలనన్నారు. 1952లో రెండు వేల రూపాయలకు ఇద్దరు కూర్చునే కారు తయారు చేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు ఆగిపోయింది. పన్నులు ఎక్కువయ్యాయని కోపం వచ్చి, 1950లలో తాను చేసిన వస్తువుల్నే జనం ముందు పగలగొట్టారు. ఇది మాత్రం నాకు నచ్చలేదు. కోపం న్యాయమైందే కావచ్చు, కానీ ఒక్క రేడియో లేని ఊళ్లు అప్పుడు ఎన్ని ఉన్నాయి!

నచ్చింది ఇంకోటి ఉంది. బడి గిట్టని ఆ మనిషే 1945లో కోయంబత్తూరులో పాలిటెక్నిక్ పెట్టడానికి డబ్బిచ్చి, దానికి ప్రిన్సిపాలుగా కూర్చున్నారు. చేత్తో పని చేయిస్తూ నేర్పితే ఏళ్లకేళ్లు అక్కర్లేదని ఆయన వాదన. ప్రభుత్వం ఆ మాట ఒప్పుకోకపోతే పదవి వదిలేశారు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

ఇక మన పెట్టె సంగతి. లోపల చీమల పుట్ట తీసేశాం. రిసీవరు పెట్టే కొక్కెం కింద రేకులు తుప్పు పట్టి అతుక్కుపోతే గరుకు కాగితంతో రుద్దాం. విప్పిన ప్రతి మరకూ నోట్‌బుక్కులో బొమ్మ గీసి నంబరు వేశాం కాబట్టి బిగించాక ఒక్క మరే మిగిలింది (అది ఎక్కడిదో వెతుకుతున్నాం). పోయిన ఆదివారం ఆఫీసు ఫోను తీగ కలిపితే డయల్ టోను వినబడింది. సారు కూడా చెవి పెట్టి విన్నారు.

ఒక్కటే లోటు. ఈ పెట్టె పాత రూపాయికి కొలత పెట్టి చేసింది. అది 25 మిల్లీమీటర్ల వెడల్పు. 2011 నుంచి వస్తున్న చిన్న రూపాయి 22 మిల్లీమీటర్లే, వేస్తే కింద గిన్నెలోకి జారిపోతోంది. సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు అమ్మల డబ్బాల్లో, నాయనమ్మల చీర కొంగుల్లో పాత పెద్ద రూపాయి ఉంటే అడిగి తీసుకురండి. మాట్లాడాక పెట్టె తెరిచి మీది మీకే ఇచ్చేస్తాం.