గ్రంథాలయం ముందు.. ఖద్దరు తరువాత

నెల్లూరు: ఏ వ్యాపారమైనా పదికాలాలు నిలవాలంటే పెట్టుబడికి ముందు ప్రజల మనసు సిద్ధం కావాలి. జిల్లా తీరప్రాంతంలో ఈ సత్యాన్ని ఆచరించి చూపిన మహనీయురాలు పొణకా కనకమ్మ.

1892లో మినగల్లులో జన్మించిన ఆమె బాల్యంలోనే వివాహమై పొట్లపూడి వచ్చారు. బడి చదువు లేకున్నా స్వయంకృషితో సాహిత్యాన్ని అభ్యసించారు. సుజనరంజని సమాజాన్ని, వివేకానంద గ్రంథాలయాన్ని స్థాపించి గ్రామస్థులలో చైతన్యం రగిలించారు.

అనంతరం పెన్నా తీరాన పల్లిపాడులో సత్యాగ్రహాశ్రమానికి భూమి సమకూర్చారు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ఆ ఆశ్రమాన్ని ప్రారంభించారు. మిల్లు గుడ్డతో పోలిస్తే ఖద్దరు ముతక, ధర కూడా అధికం. అయితే నూలు వడికేవారికి, నేసేవారికి దక్కే కూలి పల్లెలోనే నిలుస్తుంది. ఈ లెక్క కొనేవారికి బోధపడితేనే మగ్గం ఆడుతుంది. కనుకనే ఖద్దరు ఉద్యమంలో ఉత్పత్తితో పాటు ప్రచారానికీ పెద్దపీట వేశారు. ఆ ప్రచారంలో కనకమ్మ ముందు నిలిచారు.

1923లో నెల్లూరులో బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయాన్ని నెలకొల్పిన ఆమె 1963లో కన్నుమూశారు. నేలకు, నీటికి చేటు చేయని వ్యాపారాన్ని కోరే నేటి తరానికి ఆమె అనుసరించిన క్రమం ఆదర్శనీయం: ముందు అవగాహన, ఆపైనే ఉత్పత్తి.