గుంటూరు డాక్టరమ్మ కుగ్లర్ గారు

ఈసారి గోడపత్రికలో గొప్పవారి జీవితం రాసే వంతు మా తొమ్మిదో తరగతికి వచ్చింది. గాంధీ గారి గురించి, అంబేద్కర్ గారి గురించి, అల్లూరి సీతారామరాజు గారి గురించి ఇదివరకే మన అక్కయ్యలు రాసేశారు. అందుకని నేను డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారి గురించి రాస్తున్నాను. గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి అనే మాట మీలో కొందరు వినే ఉంటారు. మా క్లాసులో అడిగితే ఒకళ్ళు అది ఊరి పేరన్నారు, ఇంకొకళ్ళు మందు పేరన్నారు. అది ఒక మనిషి పేరు. ఆవిడ మన దేశంలో పుట్టలేదు, కానీ బతుకులో సగానికి పైగా ఇక్కడే గడిపారు.

గుంటూరు మనకి మరీ దూరమేమీ కాదు. పామర్రులో బస్సెక్కితే ఉయ్యూరు, కంకిపాడు మీదుగా బెజవాడ వస్తుంది. అక్కడ కృష్ణ దాటి, మంగళగిరి మీదుగా పోతే గుంటూరే. ఆవిడ వచ్చిన రోజుల్లో గుంటూరుకి రైలు కూడా లేదు.

కుగ్లర్ గారు 1856 ఏప్రిల్ 19న అమెరికాలో జన్మించారు. ఫిలడెల్ఫియా అనే పెద్ద పట్నం దగ్గర ఆర్డ్‌మోర్ అని ఒక ఊరు, అదీ వాళ్ళ ఊరు. ఆ రోజుల్లో అమెరికాలో కూడా ఆడపిల్లలు డాక్టరు చదువు చదవడం అంటే వింతే. మగవాళ్ళ కాలేజీల్లో చాలా వరకు చేర్చుకునేవాళ్ళు కాదు. అందుకని ఫిలడెల్ఫియాలో 1850లో ఆడవాళ్ళ కోసమే ఒక వైద్య కాలేజీ పెట్టారు. కుగ్లర్ గారు ఆ కాలేజీలో చదివి 1879లో పాసయ్యారు. తర్వాత నారిస్‌టౌన్ అనే చోట మనసు బాగాలేని వాళ్ళ ఆసుపత్రిలో, ఆడవాళ్ళ వైపు డాక్టరుగా చేరారు. మంచి ఉద్యోగం. అక్కడే ఉండిపోయినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

గుంటూరులో 1842 నుంచి అమెరికా లూథరన్ మిషన్ వాళ్ళు ఉన్నారు. బడులు పెట్టారు, చర్చీలు కట్టారు. అక్కడి నుంచి వచ్చిన ఒక ఉత్తరం వల్ల కుగ్లర్ గారికి ఇక్కడి ఆడవాళ్ళ కష్టం తెలిసింది. ముస్లిముల ఇళ్ళల్లో, పెద్దకులాల ఇళ్ళల్లో గోషా ఉండేది. గోషా అంటే ఆడవాళ్ళు బయటి మగవాళ్ళ కంట పడకూడదు. డాక్టర్లందరూ మగవాళ్ళే. ఇంక రోగం వస్తే చూసేది ఎవరు? కాన్పు కష్టమైతే మంత్రసానికి తెలిసినంత వరకే. ఆ పైన దేవుడి మీద భారం వేసి కూర్చోవడమే.

ఆవిడ దేవుణ్ణి గట్టిగా నమ్మిన మనిషి. తనకి వచ్చిన చదువు తన కోసం కాదు అనుకున్నారు. నన్ను గుంటూరు పంపండి అని 1882లో వాళ్ళ చర్చి ఆడవాళ్ళ సంఘానికి అర్జీ పెట్టుకున్నారు. ఆ సంఘం వాళ్ళు ఏమన్నారంటే, డాక్టర్ని పంపడానికి మేమింకా సిద్ధంగా లేము, కావాలంటే బడులు చూసుకునే పనికి పంపిస్తాము అన్నారు. నాకైతే ఇక్కడ కోపం వచ్చింది. డాక్టరు చదివిన మనిషికి బడి పనేమిటి? కానీ కుగ్లర్ గారు సరే అన్నారు. ముందు అక్కడికి చేరితే తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకున్నారు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. అదే 1883లో మన దేశం నుంచి ఆనందీబాయి జోషి అనే మరాఠీ అమ్మాయి ఓడెక్కి అమెరికా వెళ్ళింది. కుగ్లర్ గారు చదివిన ఆ ఫిలడెల్ఫియా కాలేజీలోనే చేరి 1886లో డాక్టరు అయింది. పాపం మరుసటి ఏడే జబ్బుతో చనిపోయింది, 22 ఏళ్ళు కూడా నిండలేదు. ఒకావిడ ఇటు నుంచి అటు, ఒకావిడ అటు నుంచి ఇటు, ఒకే సంవత్సరం సముద్రం దాటారు. ఇద్దరూ ఆడవాళ్ళకి ఆడ డాక్టరు ఉండాలి అనే పని మీదే బయల్దేరారు.

కుగ్లర్ గారు 1883 ఆఖర్లో గుంటూరు చేరుకున్నారు. తెలుగు నేర్చుకున్నారు. హిందూ, ముస్లిం ఆడపిల్లల బడులు చూసుకోవడం ఆవిడ పని. అది చేస్తూనే, మిగిలిన టైములో రోగుల్ని చూడటం మొదలుపెట్టారు. తనున్న ఇంటికి వచ్చిన వాళ్ళని చూసేవారు, పిలిచిన వాళ్ళ ఇళ్ళకి వెళ్ళేవారు. జీతం ఇచ్చేది బడి పనికి. వైద్యం మాత్రం ఎవరూ చెయ్యమనకుండానే చేశారు. నా లెక్కలో ఆవిడ బతుకులో అన్నిటికంటే గొప్ప సంవత్సరాలు ఇవే. తర్వాత వచ్చిన బిరుదులవీ అందరూ రాస్తారు. ఈ రెండేళ్ళని మటుకు రెండు ముక్కల్లో దాటేస్తారు.

ఎందుకంటే ఆ రెండేళ్ళూ ఆవిడకి అంత సులువుగా జరగలేదు. పెద్దకులాల ఇళ్ళకి వెళితే ఆవిడ అంటరాని మనిషి. తెల్ల దొరసాని అయినా సరే, వాళ్ళ లెక్కలో మైలే. రోగం చూడాలంటే ముట్టుకోవాలి కదా. ఆవిడ చెయ్యి తగిలితే రోగి స్నానం చెయ్యాలి, తగిలిన గుడ్డలు తడపాలి. ఆవిడ కలిపిన మందులో ఆవిడ ముట్టిన నీళ్ళు ఉంటాయని కొందరు తాగడానికి ఒప్పుకునేవాళ్ళు కాదు. వైద్యం కావాలి, వైద్యం చేసే మనిషి వద్దు. ఆవిడ ఒకసారి వెళ్ళొచ్చిన ఇంటికి మళ్ళీ వెళ్ళేవారు. నన్ను మైల అంటారా అని అలిగి మానేస్తే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. మనమైతే అదే చేస్తాము. ఆవిడ లోపలికి వెళ్ళి, చూసి, మందిచ్చి, బయటికి వచ్చాక వెనకాల కడుక్కుంటే కడుక్కోనీ అనుకున్నారు.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ సంగతి గుర్తుకొచ్చింది. మేము యానాదులం. మా తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు అమ్మకి కాళ్ళు వాచి, కళ్ళు తిరిగి పడిపోతా ఉంటే మా నాన్న ఒక ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఏ ఆసుపత్రి అనేది ఇక్కడ రాయను. అమ్మని బల్ల మీద కూర్చోనివ్వలేదు. చెయ్యి పట్టుకుని చూడలేదు. దూరం నించే ఏం కంప్లయింటు అని అడిగి, చీటీ రాసి, బయటికి పొమ్మన్నారు. ఒంటి మీద చేపల వాసన వస్తందని అన్నారంట. చేపలు పట్టుకుని బతికే వాళ్ళకి చేపల వాసన రాక ఏం వస్తది? ఆ చీటీ మందులు అమ్మ వాడింది, తగ్గింది కూడా. కానీ ఆ ఆసుపత్రికి మళ్ళీ పోనంది. తమ్ముడు ఇంటికాడే పుట్టాడు.

అంటే ముట్టుకోవడం అనేది చిన్న సంగతి కాదు. కుగ్లర్ గారి రోజుల్లో రోగులు డాక్టరు చేతిని వద్దన్నారు. మా అమ్మని డాక్టరు చెయ్యే వద్దంది. రెండు వైపులా నష్టపోయేది జబ్బు మనిషే. అందుకే కుగ్లర్ గారు ముట్టుకోనిచ్చే దాకా ఓపిక పట్టడం, ఎవర్నయినా తాను ముట్టుకోవడం, ఈ రెండూ నాకు పెద్ద విషయాలుగా కనపడ్డాయి.

1885లో మిషన్ వాళ్ళు ఆవిడని డాక్టరుగానే నియమించారు. ఇంక బడి పని కాదు, వైద్యమే ఆవిడ పని. అయితే ఆసుపత్రి లేదు. కాన్పులూ, ఆపరేషన్లూ వాకిట్లో చేసేవి కావు కదా. 1889లో ఆవిడ అమెరికా వెళ్ళి, ఇక్కడి ఆడవాళ్ళ పరిస్థితి వాళ్ళకి చెప్పి, ఇంకొంత చదువు చదువుకుని 1891లో తిరిగొచ్చారు. అక్కడి చర్చీల్లో ఆడవాళ్ళు డబ్బులు పోగు చేసి పంపించారు. గుంటూరులో స్థలం కొన్నారు. 1893లో డిస్పెన్సరీ, అంటే మందులిచ్చే చోటు, తయారైంది. 1898లో 50 పడకల ఆసుపత్రి తెరిచారు. ఆవిడ గుంటూరు వచ్చి అప్పటికి పద్నాలుగేళ్ళు దాటిపోయింది. నేను పుట్టి ఎన్నాళ్ళయిందో అన్నాళ్ళు ఆవిడ ఒక కట్టడం కోసం ఆగారు. ఊరికే ఆగలేదు, రోగుల్ని చూస్తూ ఆగారు.

తర్వాత అదే ఆవరణలో పిల్లల వార్డు, కాన్పుల వార్డు వచ్చాయి. ఇంకో డాక్టరమ్మ, నర్సమ్మ అమెరికా నుంచి వచ్చి చేరారు. అన్నిటికంటే ముఖ్యంగా తెలుగు ఆడపిల్లలకి నర్సు పని నేర్పడం మొదలుపెట్టారు. అప్పట్లో నర్సు పని అంటే జనం చీదరించుకునేవాళ్ళు. రక్తం, చీము, మలమూత్రాలు ఎత్తే పని అని. పెద్దకులాల వాళ్ళు పిల్లల్ని పంపేవాళ్ళు కాదు. మిషన్ బడుల్లో చదువుకున్న క్రైస్తవుల ఇళ్ళ పిల్లలే ఎక్కువగా వచ్చారు. ఊళ్ళో పక్కకి జరగమనిపించుకున్న ఇళ్ళ పిల్లలు ఆసుపత్రిలో పెద్దింటి వాళ్ళకి కట్లు కట్టారు. ఇది తలుచుకుంటే నాకు భలే సంతోషంగా ఉంటది.

పెద్దవాళ్ళు కూడా మెల్లగా మారారు. ఏలూరు జమీందారు మంత్రిప్రెగడ భుజంగరావు గారి ఇంట్లో వాళ్ళకి కుగ్లర్ గారు వైద్యం చేశారు. ఆ కృతజ్ఞతతో ఆయన ఆసుపత్రికి ఎదురుగా ఒక సత్రం కట్టించారు. రోగులతో పాటు వచ్చే చుట్టాలు అక్కడ దిగి వండుకుని తినడానికి. ఇళ్ళల్లో చెయ్యి తగలనివ్వని ఊళ్ళోనే ఆవిడ ఆసుపత్రికి ఎదురుగా ఒక జమీందారు సత్రం లేచింది. ప్రభుత్వం వాళ్ళు ఆవిడకి కైజర్-ఇ-హింద్ పతకం 1905లో ఒకసారి, 1917లో ఇంకోసారి ఇచ్చారు. అది అప్పటి బ్రిటిషు ప్రభుత్వం ఇచ్చేది.

మన హాస్టల్లో చర్చికి పోయే వాళ్ళున్నారు, రామాలయానికి పోయే వాళ్ళున్నారు, అంకమ్మకి మొక్కే వాళ్ళున్నారు. గోడపత్రికలో ఎవరి మతం గొప్పని రాయకూడదు అని వార్డెన్ మేడం గారు ముందే చెప్పారు. నేనూ అలా రాయడం లేదు. కానీ ఆవిడ ఎందుకు చేశారో రాయకపోతే సగం రాసినట్టే అవుతుంది. ఆవిడ ఏసుప్రభువుని నమ్మి చేశారు. ఆసుపత్రిలో ప్రార్థనలు జరిగేవి, రోగులకి బైబిలు చదివి వినిపించేవాళ్ళు. దాన్ని దాచిపెట్టి రాయడం న్యాయం కాదు. అయితే అక్కడికి వచ్చిన వాళ్ళలో హిందువులూ, ముస్లిములూ చాలామంది ఉండేవాళ్ళు. మందు తాగి, జబ్బు తగ్గి, ఎవరి దేవుడి దగ్గరికి వాళ్ళు పోయేవాళ్ళు. మందుకి మతం అడ్డం రాలేదు. బైబిల్లో మంచి సమరయుని కథ ఒకటుంది. దారిలో దెబ్బలు తిని పడున్న మనిషిని చూసి గుడి పెద్దలు పక్క నించి వెళ్ళిపోతారు. వేరే జాతి వాడు, వాళ్ళు చిన్నచూపు చూసే వాడు, ఆగి గాయాలు కడిగి సత్రానికి మోసుకుపోతాడు. ఆ కథ మా పేట చర్చిలో నేను చాలాసార్లు విన్నాను. గాయాలు కడగడం అనే మాట కుగ్లర్ గారి జీవితం చదివాకే సరిగా చెవికెక్కింది.

అట్లా అని డాక్టర్లకే సాధ్యం అనుకోవద్దు. పోయిన వానాకాలం మన హాస్టల్లో జ్వరాలొచ్చినప్పుడు, అయిదో తరగతి పిల్లలు వాంతులు చేసుకుంటే ఒక అక్క రాత్రంతా కూర్చుని ఎత్తిపోసింది. దుప్పట్లు పంపు దగ్గర పెట్టి ఉతికింది. గజ్జి వచ్చిన పిల్ల పక్కన ఎవరూ పడుకోము అంటే తనే చాప వేసుకుంది, తనకీ వస్తుందేమో అని చూసుకోలేదు. పేరు రాయొద్దు అంది కాబట్టి రాయడం లేదు. మీ అందరికీ తెలుసు.

కుగ్లర్ గారు పెళ్ళి చేసుకోలేదు. మధ్య మధ్యలో సెలవు మీద అమెరికా వెళ్ళినా మళ్ళీ గుంటూరే వచ్చారు. గుంటూరు మిషన్ ఆసుపత్రి చరిత్రని తనే ఒక పుస్తకంగా రాశారు, అది 1928లో అచ్చయింది. 1930 జులై 26న గుంటూరులోనే చనిపోయారు. అప్పటికి ఆవిడ వయసు 74. వచ్చేటప్పుడు 27 ఏళ్ళ మనిషి. ఆవిడ పోయిన తర్వాత ఆ ఆసుపత్రికి కుగ్లర్ ఆసుపత్రి అని పేరు పెట్టారు. బడి పనికని పంపించిన మనిషి పేరు అది.