విజ్ఞాన స్వావలంబనము: ఆచార్య సూరి భగవంతం

పరదేశమునుండి యంత్రమును కొని తెచ్చుకొనవచ్చును. దానిని పుట్టించిన బుద్ధిని కొని తెచ్చుకొనజాలము. షాబాదు మండలమున చందనవెల్లి పొలములలో కర్మాగారములు వెలసిన ఈ దినములలో, పదార్థవిజ్ఞానమును మనవారి సొత్తు చేయుటకు పాటుపడిన ఆచార్య సూరి భగవంతం గారి చరిత్రమును పాఠకులకు జ్ఞప్తిచేయుట మా విధియని తలంచుచున్నాము.

భగవంతం గారు 1909 అక్టోబరు 14న కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా జేరి చంద్రశేఖర వేంకటరామన్ గారికి శిష్యులైరి. రామన్ గారి కాంతి పరిశోధనము లోకమునకు వెల్లడియైన సంవత్సరమదియే. గురువుగారి కృషిలో పాలుపంచుకొనుచునే శిష్యులు అయస్కాంతగుణముపైనను దృష్టి నిలిపిరి. మన యిండ్లలో బట్టలపెట్టెల యందుంచెడి కలరా ఉండల పదార్థమగు నాఫ్తలీను స్ఫటికములను పరీక్షించి, వాని అయస్కాంతగుణము దిక్కునుబట్టి ఎట్లు మారునో కొలిచి, 1929లో లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించిరి. అప్పటికి వారికి సుమారు ఇరువదేండ్ల ప్రాయము.

దిక్కునుబట్టి గుణము మారుట అల్పవిషయము కాదు. ఇనుప స్ఫటికము ఘనపు అంచు దిక్కున సులభముగా అయస్కాంతమగును. నికెలు స్ఫటికము మూలనుండి ఎదుటి మూలకు పోవు కర్ణము దిక్కున అగును. ఈ రెండింటిని కలిపి, నికెలు పాలు నూటికి సుమారు 75 మొదలు 80 వఱకు ఉంచినచో ఈ దిక్కుల పక్షపాతము మిక్కిలి సన్నగిల్లును. అట్టి మిశ్రలోహము స్వల్పమగు విద్యుత్తునకే అయస్కాంతమై, విద్యుత్తు ఆగినంతనే ఆ గుణమును దాదాపు విడిచివేయును. సున్నితమగు విద్యుత్పరికరములకు ఇట్టి లోహమే కావలెను. స్ఫటికపు అమరిక నెఱుగనివాడు లోహములను కరగించి కలుపగలడేమో గాని, కలిపినదాని గుణమును ముందుగా చెప్పజాలడు.

1932లో భగవంతం గారు వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ప్రవేశించి, అనతికాలముననే ఆచార్యులైరి. అచట వారు చేపట్టిన మార్గమునకు కాగితము, కలము, గణితము ముఖ్యసాధనములు. స్ఫటికపు సౌష్ఠవము తెలిసినచో, దాని గుణమును వర్ణించుటకు ఎన్ని స్వతంత్రసంఖ్యలు కావలెనో సమూహసిద్ధాంతముచే లెక్కింపవచ్చును. ఒత్తిడికి లోనైన స్ఫటికములలో కాంతి నడతను గూర్చి జర్మను విద్వాంసుడు పోకెల్స్ కూర్చిన పట్టికలను లోకము దశాబ్దములుగా ప్రమాణముగా గొనెను. వానిలో కొన్ని తప్పులున్నవని 1942లో భగవంతం గారు ఈ లెక్కచే నిరూపించిరి. దేశమెల్ల స్వాతంత్ర్యమునకై పోరాడుచున్న ఆ సంవత్సరముననే, మన పండితుడొకడు పాశ్చాత్యప్రమాణమును దిద్దుట ఎట్టి స్వరాజ్యమో పాఠకులే యోచింపవలెను. 1948లో టి. వేంకటరాయుడు గారితో కలిసి ఈ గణితముపై గ్రంథమును వెలువరించిరి.

అయస్కాంతములకు ఈ లెక్క మఱింత చిక్కు. కాలగతిని తారుమారు చేసినట్లు భావించినచో, పరమాణువుల సూక్ష్మాయస్కాంతముల దిశ తిరుగబడును. దీనిని గణించినప్పుడు 32 స్ఫటికవర్గములు 90 అయస్కాంతవర్గములగును; వానిలో స్థిరమగు అయస్కాంతత్వమునకు చోటిచ్చునవి 31 మాత్రమే. ఇట్టి స్ఫటికముల గుణములను 1964లో పి. వి. పంతులు గారితో కలిసి వివరించి, 1966లో స్ఫటిక సౌష్ఠవముపై సమగ్రగ్రంథమును ప్రకటించిరి.

ఈ పరిశోధన గొప్ప పదవుల నడుమ సాగినది. వారు 1952 నుండి 1957 వఱకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగను, పిదప 1962 వఱకు బెంగుళూరు విజ్ఞానసంస్థకు సంచాలకులుగను, 1961 మొదలు 1969 వఱకు రక్షణమంత్రికి శాస్త్రసలహాదారులుగను ఉండిరి. 1962, 1965 యుద్ధములు ఆ కాలముననే వచ్చినవి. ఆయుధమునకు కావలసిన ఉక్కును ఇతరులు అమ్మమన్ననాడు మన గతి యేమి? ఆ కాలముననే 1963లో హైదరాబాదున రక్షణ లోహ పరిశోధనశాల వెలసెను; 1973లో ప్రత్యేక మిశ్రలోహములకై మిధాని సంస్థ యేర్పడెను. ఇవి యొక్కని కృషిఫలములని మేము చెప్పము. కాని అట్టి సంస్థలకు వేళ్లు ఎచట నుండవలెనో భగవంతం గారి జీవితము చూపుచున్నది.

1989 ఫిబ్రవరి 6న వారు పరమపదించిరి. కర్మాగారమునకు భూమినిచ్చిన పల్లె, అందలి కూలితోనే తృప్తిపడరాదు. లోహమును కాచువారితోపాటు లోహమును గూర్చి లెక్కించువారును షాబాదు, చేవెళ్ల బడులనుండియే రావలెను. అందులకు ముందుగా ఆ బడులలో గణితమును, పదార్థశాస్త్రమును శ్రద్ధతో బోధించు ఉపాధ్యాయులు కావలెను. ఈ బాధ్యత ప్రభుత్వముదే కాదు, మన యందఱిదియును.