జపాను నటుడు తకాషి షిమురా

పోయిన నెల హాలులో ఏడుగురు సమురాయిల సినిమా చూశాము కదా. అందులో గుండు గీయించుకున్న పెద్దాయన ఎవరని చాలామంది అడిగారు. ఆయన పేరు తకాషి షిమురా. ఆయన జీవితం గురించి రాస్తున్నాను.

షిమురా గారు 1905 మార్చి 12న జపానులోని హ్యోగో రాష్ట్రంలో ఇకునో అనే ఊరిలో జన్మించారు. అది వెండి గనుల ఊరు. ఆయన వాళ్ళది ఒకప్పుడు సమురాయిల వంశం, అంటే కత్తి పట్టి ప్రభువుల దగ్గర కొలువు చేసేవాళ్ళు. ఈయన పుట్టేనాటికి ఆ కత్తులూ లేవు, ఆ కొలువులూ లేవు. చిన్నప్పుడు టి.బి. జబ్బు వచ్చి రెండేళ్ళు బడి పోయింది. అయినా మానలేదు. 1923లో కాన్సాయి యూనివర్సిటీలో చేరారు. తండ్రి ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇంట్లో డబ్బులు చాలలేదు. అందుకని పగలు ఒసాకా మున్సిపాలిటీ నీళ్ళ శాఖలో పని, రాత్రి కాలేజీ.

అక్కడే నాటకాల పిచ్చి పట్టింది. 1928లో స్నేహితులతో కలిసి ఒక నాటక బృందం పెట్టారు. రిహార్సల్స్ అని పనికి ఎగ్గొట్టి ఎగ్గొట్టి చివరికి ఉద్యోగం పోగొట్టుకున్నారు. చదువు కూడా వదిలేశారు. మా ఇంట్లో ఎవరైనా సర్కారు ఉద్యోగం ఇలా పోగొట్టుకుంటే అమ్మ అన్నం పెట్టదు! ఆ బృందం ఊరూరా తిరిగి అప్పులపాలై మూతపడింది. ఆయన మాత్రం నాటకాలు వదలలేదు. వేరే కంపెనీల్లో చేరి వేషాలు వేశారు.

అప్పుడే సినిమాలకు మాటలు వచ్చాయి. మూకీ సినిమాకు మొహం ఉంటే చాలు, టాకీకి గొంతు కూడా కావాలి. నాటకాల వాళ్ళకు గొంతు ఉంటుంది. అలా 1932లో క్యోటోలో స్టూడియోలో చేరారు, 1934లో మొదటి సినిమా వచ్చింది. 1939లో ఒక పాటల సినిమాలో గొడుగులు చేసే ముసలాయనగా వేసి, బాగా పాడి అందర్నీ ఆశ్చర్యపరిచారు. ఆ రోజుల్లోనే, వామపక్ష నాటకాల వాళ్ళతో తిరిగావని రహస్య పోలీసులు పట్టుకెళ్ళి మూడు వారాలు లోపల పెట్టారు. చిత్రం ఏమిటంటే 1946లో ఒక సినిమాలో ఆయనే అలాంటి పోలీసు వేషం వేశారు. పోలీసులను దగ్గర నుంచి చూసిన మనిషి కదా!

ఆయనకు పెద్ద పేరు తెచ్చినది దర్శకుడు అకిరా కురొసావా. కురొసావా తీసిన 30 సినిమాల్లో 21 సినిమాల్లో షిమురా ఉన్నారు. హీరో తొషిరో మిఫునె కంటే కూడా ఎక్కువ. 1948లో వచ్చిన సినిమాలో ఈయన తాగుబోతు డాక్టరు, మిఫునె టి.బి. వచ్చిన రౌడీ. టి.బి. అంటే ఏమిటో డాక్టరు వేషం వేసిన ఆయనకు ముందే తెలుసు.

అందరూ ఏడుగురు సమురాయిలే గొప్ప అంటారు. నాకు మాత్రం 1952లో వచ్చిన ఇకిరు గొప్ప. ఇకిరు అంటే బతకడం. అందులో ఆయన సిటీ ఆఫీసులో ఒక సెక్షన్‌కి పెద్ద. దగ్గర దగ్గర ముప్పై ఏళ్ళు ఒక్క రోజు సెలవు పెట్టకుండా కాగితాల మీద ముద్రలు వేశాడు, అంతే, ఇంకేమీ చెయ్యలేదు. కొంతమంది అమ్మలు వస్తారు. మా వాడలో మురికి గుంట ఉంది, పిల్లలకు జబ్బులు వస్తున్నాయి, పూడ్చి ఆట స్థలం చెయ్యండి అంటారు. ఈ సెక్షన్ కాదు ఆ సెక్షన్ అని తిప్పి తిప్పి, మొదట వెళ్ళిన బల్ల దగ్గరికే పంపుతారు. కాగితం పట్టుకుని అలా తిరిగినవాళ్ళు మన ఊళ్ళల్లో కూడా ఉన్నారు. తర్వాత ఆ పెద్దాయనకు కడుపులో క్యాన్సర్ అని తెలుస్తుంది. అప్పుడు ఆయనే ఆ కాగితం తీసుకుని, ఆఫీసర్ల ముందు తల వంచుకుని, పో అన్నా పోకుండా కూర్చుని పార్కు కట్టిస్తాడు. మంచు పడుతుంటే ఆ పార్కులో ఉయ్యాల మీద పాట పాడుకుంటూ చనిపోతాడు. చావు ఇంట్లో పెద్ద ఆఫీసర్లు పార్కు మేమే కట్టించాము అంటారు. మిగతావాళ్ళు తాగి ఏడ్చి, ఇక మేమూ అలాగే పని చేస్తాము అని ఒట్లు పెట్టుకుంటారు. తెల్లారి ఆఫీసులో మళ్ళీ పాత కథే. అంత ముసలివాడిగా కనిపించారు గానీ షిమురాకు అప్పుడు 47 ఏళ్ళే. గుడ్లు పెద్దవి చేసి చూడడం, నోట మాట రాకపోవడం, అంతే ఆయన నటన. ఆయన ఏడ్వలేదు, నాకు ఏడుపు వచ్చింది.

1954లో రెండు పెద్ద సినిమాలు. ఒకటి మనం చూసినది. రైతులు కూలిగా వరి అన్నం సమురాయిలకు పెట్టి తాము ఊదలు తింటారు. (ఊదలు అంటే మన సామల వంటివే.) నలభై మంది దొంగలను కొట్టినా ఏడుగురిలో నలుగురు పోయారు. చివర నాట్లు వేస్తూ పాడే రైతులను చూసి, గెలిచింది మనం కాదు వాళ్ళు అన్నట్టు నిలబడతారు చూడండి, అది షిమురాయే. రెండోది గాడ్జిల్లా. ఆ ఏడాదే సముద్రంలో అమెరికా వేసిన హైడ్రోజన్ బాంబు బూడిద జపాను చేపల పడవ మీద పడింది. సినిమాలో కూడా బాంబు వల్లే ఆ జంతువు లేస్తుంది. అందరూ చంపాలంటే, ప్రొఫెసర్ వేషంలో ఈయన ఒక్కడే దాన్ని చంపకుండా చదవాలని బాధపడతాడు.

తర్వాత టీవీలో కూడా చాలా వేషాలు వేశారు, ఎక్కువగా నాన్న, తాత వేషాలు. ఊపిరితిత్తుల జబ్బు వచ్చినా 1980లో కురొసావా కాగెముషా సినిమాలో చిన్న వేషం వేశారు. 1982 ఫిబ్రవరి 11న టోక్యోలో మరణించారు, వయస్సు 76. కాగెముషాను వేరే దేశాలకు పంపేటప్పుడు పొడవు తగ్గించాలని కొన్ని సీన్లు కోసేశారు. అందులో ఈయన సీన్లు పోయాయి. జపాను వాళ్ళు చూసిన సినిమాలో మాత్రం ఆయన ఉన్నారు.

— 9వ తరగతి